పది మీటర్ల దండకం

మొదటి దండం నీకే, ఫ్రంట్ సైట్! పిస్తోలు గొట్టం కొసన నిటారుగా నిలబడ్డ నల్లని రేకా, కొన్ని మిల్లీమీటర్ల దానివి, గంటంబావు సేపు నన్ను ఏలేదానివి, నీకు. వెనక రియర్ సైట్ గాడిలోకి నువ్వొచ్చి కుదురుకుంటావు. నీకు అటొక వెలుగు గీత, ఇటొక వెలుగు గీత. ఆ రెండు గీతలూ సరిసమానమై, నీ తలా గాడి భుజాలూ ఒకే మట్టానికి వచ్చి, నీ అంచు కాటుక దిద్దినట్టు నిక్కచ్చిగా కనబడే రెండు మూడు సెకన్లు ఉన్నాయే, వాటి కోసం ఆదివారాలకు ఆదివారాలే ధారపోశాను. పెళ్ళిళ్ళకు ఆలస్యంగా వెళ్ళాను. అడిగినవాళ్ళకు ట్రాఫిక్ అని చెప్పాను.

తరవాతి దండం, నీ వెనక మసకగా తేలే ఆ నల్లని గుండ్రానికి. రేంజికి కొత్తగా వచ్చినవాళ్ళతో అటువైపు చూడకండి అంటే నమ్మరు. టార్గెట్ చూడకపోతే గురి ఎలా కుదురుతుందండీ అంటారు. చూస్తేనే కుదరదు. చేయి చాచినంత దూరంలో ఉన్న సైటునూ, 10 మీటర్ల అవతల ఉన్న అట్టనూ ఒకేసారి తేటగా చూడగల కన్ను ఏ తల్లీ కనలేదు. రెంటిలో ఒకదాన్ని మసకకు వదిలేయాలి. పిస్తోలు పట్టినవాళ్ళు వదిలేసేది టార్గెట్‌ని. దేన్ని కొట్టడానికి వచ్చారో దాన్నే.

ఇదేమీ వేదాంతం కాదు, లెక్క. రెండు సైట్ల మధ్య దూరం 33 సెంటీమీటర్లు అనుకోండి. గాడిలో ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు ఒరిగితే చాలు, అట్ట దగ్గరికి వెళ్ళేసరికి పెల్లెట్ 3 సెంటీమీటర్లు తప్పుతుంది. నడిమధ్యన పడాల్సిన పది కాస్తా ఏడవుతుంది. అదే, సైట్లు చెదరకుండా చేయీ పిస్తోలూ కలిసి ఒక మిల్లీమీటరు ఊగితే అట్ట మీద తప్పేదీ ఒక్క మిల్లీమీటరే. ఊగితే ఊగు, చెదరకు. ఈ ఆట మొత్తంలో నాకు తెలిసిన ధర్మశాస్త్రం ఇంతే.

షూటింగ్ మాట వస్తే చాలు, బహుమతి ప్రదాన సభల్లో వక్తలు ద్రోణుడి పరీక్ష ఎత్తుకుంటారు. చెట్టు కనబడలేదు, కొమ్మ కనబడలేదు, పిట్ట కన్నొక్కటే కనబడిందన్న అర్జునుణ్ణి మా నెత్తిన రుద్దుతారు. పాపం, వాళ్ళకు వేరే అర్జునుడు దొరకలేదు. మా అర్జునుడు ద్రౌపది స్వయంవరంలో ఉన్నాడు. హరికథల్లో విన్నదే గుర్తు చేసుకోండి: పైన మత్స్యయంత్రం గిరగిరా తిరుగుతోంది, అతను తల వంచి నీళ్ళలోకి చూస్తున్నాడు. కొట్టాల్సింది పైన, చూడాల్సింది కింద. చూపును దగ్గరే కట్టేసుకుని దూరానికి బాణం వదిలిన ఆ అర్జునుడే పిస్తోలు వాళ్ళ కులదైవం.

పైగా మేము నలుపు నడుమకు కూడా గురిపెట్టం. నలుపు కింద ఉన్న తెల్లటి చోట సైటును ఆనిస్తాం. తెలుపు మీదైతే దాని అంచు తేటగా తెలుస్తుంది, నలుపు మీద నలుపు కలిసిపోతుంది. ఖాళీ చోటు చూసి కాలిస్తే పెల్లెట్ మధ్యన పడేలా సైట్లను ముందే సరిచేసుకుని ఉంటాం. ఓ తెల్లటి ఖాళీ చోటా, అంకె లేనిదానా, నిన్ను నమ్ముకున్నవాళ్ళకే కదా అంకెలన్నీ!

ఎంత చిన్న లోకం ఇది! 17 సెంటీమీటర్ల చదరపు అట్ట. దాని మధ్య 59.5 మిల్లీమీటర్ల నల్లని గుండ్రం. దాని మధ్య 11.5 మిల్లీమీటర్ల పది. ఆ పదిలో మళ్ళీ 5 మిల్లీమీటర్ల ఇన్నర్ టెన్. దాన్ని వెతుక్కుంటూ వెళ్ళేది 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్, అర గ్రాము ఉంటుందేమో. దాన్ని తోసేది మందుగుండు కాదు, గొట్టం కింద బిగించిన చిన్న సిలిండర్లోని గాలి. నిండుగా పట్టిస్తే 200 బార్ల ఒత్తిడి. ఉరుమూ లేదు, పొగా లేదు. ఒక 'ఠప్', అవతల ఇంకో చిన్న 'టక్'. రెంటికీ నడుమ సెకనులో పదోవంతు కూడా లేదు. ఆ లోపలే తలెత్తి ఎక్కడ పడిందో చూద్దామని కన్ను పరుగెడుతుంది. పరుగెత్తనివ్వకూడదు. పెల్లెట్ వెళ్ళిపోయాక కూడా ఫ్రంట్ సైటునే చూస్తూ నిలబడాలి. ఫాలో త్రూ అంటారు. వచ్చినవాళ్ళను సాగనంపడానికి వీధి మలుపు దాకా వెళ్ళే మర్యాద పిస్తోలుకూ ఉంది.

గచ్చిబౌలి దగ్గర, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో, బండరాళ్ళూ చెట్లూ దాటి వెళితే రేంజ్ వస్తుంది. నెమళ్ళున్న ఆవరణ అది. మ్యాచ్ రోజు పొద్దున్నే పెట్టెలు పట్టుకుని దిగేవాళ్ళను చూడండి. స్కూలు పిల్లలు, వాళ్ళ టిఫిన్ డబ్బాలు మోస్తున్న తండ్రులు, నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చిన కానిస్టేబుల్, సాఫ్ట్‌వేర్ వాళ్ళు, రిటైరైన మేష్టారు, నాలాంటి ఉద్యోగస్థులు. ఒక్కో పెట్టెలో ఒక్కో దేశం: ఆస్ట్రియా స్టెయర్, స్విట్జర్లాండ్ మోరిని, ఇటలీ పార్దిని, జర్మనీ వాల్తర్. చెక్క పిడిని అరచేతికి సరిపడేలా గరుకు కాగితంతో రుద్ది, చాలనిచోట పుట్టీ పెట్టి, మళ్ళీ రుద్ది, ఎవరి పిడిని వాళ్ళు చెక్కుకుంటారు. అందుకే ఇంకొకరి పిస్తోలు మన చేతికి పరాయిగానే ఉంటుంది.

లోపలికి వెళ్ళగానే తనిఖీ బల్ల. పిస్తోలు 1,500 గ్రాములు మించకూడదు. దానికోసం చేసిన పెట్టెలో పట్టాలి. బూటు చీలమండ కప్పకూడదు. ఆ తరవాత నాకు అన్నిటికన్నా ఇష్టమైన తంతు: గొట్టం నిటారుగా పైకి పెట్టి, ట్రిగర్‌కు 500 గ్రాముల తూకం తగిలించి, మెల్లగా లేపుతారు. ట్రిగర్ ఆ బరువు మోయాలి, మోసి కూడా పేలకూడదు. పెద్ద పెద్ద వాళ్ళ పిస్తోళ్ళు కూడా ఈ బల్ల ముందు ఊపిరి బిగబట్టి నిలబడతాయి.

అరకిలో! కూరగాయల బండి దగ్గర లెక్కలోకి రాని ఆ బరువే మాకు కొండ. చూపుడువేలి మొదటి కణుపు మీద దాన్ని కొద్దికొద్దిగా పోగుచేయాలి. మొదటి మెట్టు దాకా సులువే. రెండో మెట్టు దగ్గర వేలు ఆగుతుంది. అక్కడ నుంచి పెంచుతున్నానని తెలియాలి, ఎప్పుడు పేలుతుందో తెలియకూడదు. ఇప్పుడు పేల్చేస్తాను అని మనసు అనుకుందా, మణికట్టు ముందే వినేస్తుంది, భుజం వినేస్తుంది, మొత్తం ఒంటికి దండోరా వేసినట్టే. పెల్లెట్ ఎనిమిదిలోకి పోతుంది. మంచి షాట్ ఎప్పుడూ కొంచెం ఆశ్చర్యపెడుతుంది, వేసినవాళ్ళను కూడా.

వణుకూ, నీకూ దండం. నువ్వు లేని చేయి లేదు. ఒలింపిక్ ఫైనల్లో నిలబడే చేయీ నీదే, నాదీ నీదే. గుండె కొట్టిన ప్రతిసారీ నెత్తురు ఒక తోపు తోస్తుంది, సైటు ఒక ఒరుపు ఒరుగుతుంది. నిన్ను పూర్తిగా ఆపాలని బిగబట్టినకొద్దీ నువ్వు రెచ్చిపోతావు. పోనీలే, ఇంత మేర ఊగు అని హద్దు గీసి వదిలేస్తే ఆ హద్దులోనే ఆడుకుంటావు. గుండె దడను తగ్గించే బీటా బ్లాకర్ మందులు ఈ ఆటలో నిషేధం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఒక షూటర్ గెలిచిన రెండు పతకాలనూ ఆ మందు వెనక్కి ఇప్పించింది. ఎవరి వణుకుతో వాళ్ళే రావాలి. ఇంతకన్నా న్యాయమైన షరతు ఏ ఆటలోనైనా ఉందా అని నాకు అనుమానం.

నిలబడటమూ ఒక విద్యే. పక్కకు తిరిగి, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, ఖాళీ చేతిని జేబులోనో బెల్టులోనో దూర్చి, కళ్ళు మూసుకుని పిస్తోలు ఎత్తాలి. కళ్ళు తెరిచి చూస్తే సైటు పక్క లేన్ వైపు పోయి ఉంటే చేతిని లాక్కురాకూడదు. వెనక పాదాన్ని ఒక అంగుళం జరపాలి. చేతితో దిద్దిన తప్పు అరవయ్యో షాట్ నాటికి చేయి నొప్పిగా తిరిగొస్తుంది, పాదంతో దిద్దింది రాదు. 2024 పారిస్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ దికెచ్ మామూలు కళ్ళజోడు పెట్టుకుని, చేయి జేబులో పెట్టుకుని, టీ తాగడానికి బయల్దేరినవాడిలా నిలబడి మిక్స్‌డ్ టీమ్ రజతం గెలిస్తే లోకమంతా ఆ ఫొటో చూసి మురిసిపోయింది. ఆయనకు అప్పుడు 51 ఏళ్ళు. మా రేంజిలో నవ్వుకున్నారు: జేబులో చేయి పెట్టుకోనివాళ్ళు మాలో ఎవరున్నారని!

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద దండం. అది కాల్చని షాట్‌కు.

పోటీలో 60 షాట్లు, 75 నిమిషాలు. అంతకు ముందు సరిచూసుకోవడానికి 15 నిమిషాలు. అంటే షాట్‌కు నిమిషంబావు. నిజానికి షాట్‌కు కావలసింది పదిహేను, ఇరవై సెకన్లే. మిగిలిందంతా ఎందుకిచ్చారు? దించడానికి. చేయి ఎత్తుతాను. ఊపిరి పీల్చి, సగం వదిలి, ఆపుతాను. సైటు తెల్లటి చోట వాలుతుంది. కుదురుతోంది, ఇంకొంచెం, ఇంకొంచెం. వేలు రెండో మెట్టు దగ్గరుంది. ఐదు సెకన్లు, ఏడు సెకన్లు. కంటికి ప్రాణవాయువు తగ్గుతోంది, గీతలు అలుక్కుంటున్నాయి. సరిగ్గా అప్పుడు లోపల ఎవరో గుసగుసలాడతారు: ఇంత కష్టపడ్డావు, వేసెయ్, బాగానే పడుతుంది. ఆ గొంతు భలే తియ్యగా ఉంటుంది. ఆ గొంతు విని వేసిన షాట్లన్నీ ఎడమ పక్క ఏడులో గుంపుగా కూర్చుని ఉంటాయి. దాన్ని వినకుండా వేలు ట్రిగర్ మీద నుంచి తీసి, చేయి మెల్లగా దించి, గొట్టాన్ని బల్ల మీద ఆనించి, ఊపిరి పూర్తిగా వదలడం, అదీ విద్య. స్కోరు షీటులో దానికి గడి లేదు. మానిటర్ మీద అది కనబడదు. వెనక కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఒక కోచ్ అనేవారు: "దించిన షాట్‌కి ఎవరూ ఎనిమిది వెయ్యరమ్మా." నేను చూసిన గొప్ప షూటర్లలో కొందరు ఒకే షాట్‌ను మూడుసార్లు, నాలుగుసార్లు దించి, అయిదోసారి ఇన్నర్ టెన్‌లో పెట్టి, మొహంలో ఏమీ కదలకుండా తరవాతి పెల్లెట్ తీసుకున్నారు. చప్పట్లు కొట్టాల్సింది ఆ మూడు నాలుగింటికి.

ఇక పేర్లు తలుచుకోవాలి, దండకం అన్నాక.

కారొయ్ తకాచ్, హంగరీ సైనికుడు. 1938లో చేతిలో గ్రెనేడ్ పేలి కుడిచేయి పోయింది. పిస్తోలు పట్టిన చేయి అదే. ఎడమచేతికి మొదటి నుంచీ నేర్పుకున్నాడు. 1948 లండన్‌లో, 1952 హెల్సింకిలో ర్యాపిడ్ ఫైర్ స్వర్ణాలు రెండూ ఆ ఎడమచేతివే. అలెగ్జాండర్ మెలెంతియెవ్, 1980 మాస్కోలో 50 మీటర్ల ఫ్రీ పిస్టల్‌లో 581 కొట్టాడు. ఆ అంకె 34 ఏళ్ళు ఎవరికీ లొంగలేదు. 2014లో కొరియా జిన్ జోంగ్ ఓ 583 చేసి దాన్ని దించాడు. తరవాత రియోతో ఆ పోటీనే ఒలింపిక్స్ నుంచి తీసేశారు. 50 మీటర్ల అవతల 50 మిల్లీమీటర్ల పదిని ఒంటిచేత్తో అడిగే పోటీ అది. తీసేసినవాళ్ళ కారణాలు వాళ్ళకుండవచ్చు. నాకు మాత్రం ఊరి నుంచి పాత గుడిని తీసేసినట్టే ఉంది.

నీనో సలుక్వాద్జె పేరు దగ్గర కాసేపు ఆగుతాను. 1988 సియోల్‌లో, ఎయిర్ పిస్టల్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిన ఏడే, ఆమె సోవియట్ జట్టు పిల్లగా ఒక స్వర్ణం, ఒక రజతం తీసుకుంది. సోవియట్ దేశం పోయింది, ఆమె ఉండిపోయింది, జార్జియా తరఫున. 2016 రియోలో తన కొడుకుతో కలిసి ఒకే ఒలింపిక్స్‌లో పిస్తోలు పట్టింది. 2024 పారిస్ ఆమెకు పదో ఒలింపిక్స్. కానీ నేను తలుచుకునేది 2008 ఆగస్టును. బీజింగ్‌లో మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్. రష్యాకు చెందిన నతాలియా పదేరినాకు రజతం, నీనోకు కాంస్యం. ఆ రోజున వాళ్ళ ఇళ్ళ దగ్గర రష్యా, జార్జియా సైన్యాలు నిజం తుపాకులతో కాల్చుకుంటున్నాయి. పోడియం మీద ఆ ఇద్దరు స్త్రీలు ఒకరినొకరు కావలించుకున్నారు. పిస్తోళ్ళు కింద పెట్టి వచ్చిన చేతులవి. ఆ కౌగిలి యుద్ధాన్ని ఆపలేదు. ఆపుతుందని వాళ్ళూ అనుకుని ఉండరు.

ఆయుధమే కదా ఇది, ఎంత గాలిదైనా? ఇంట్లో అడిగారు, ఆఫీసులో అడిగారు. 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్తోలుకు లైసెన్సు అక్కర్లేదు, పాయింట్ 22కు కావాలి అని చట్టం చెప్పి తప్పించుకోవచ్చు. నేను తప్పించుకోను. ఆయుధమే. అందుకే కాల్చని ప్రతి క్షణం దాని గొట్టంలో రంగు తాడు దూర్చి ఉంటుంది, లోపల ఏమీ లేదని ఎవరైనా దూరం నుంచే చూసుకునేలా. అందుకే గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే. నవ్వుతూ పక్కవాళ్ళతో మాట్లాడుతూ పొరపాటున కాస్త తిప్పినా, ఎంత పెద్దవాళ్ళనైనా రేంజ్ ఆఫీసర్ బయటికి పంపించగలడు. 'స్టాప్' అన్న ఒక్క మాటకు అరవై చేతులు ఒకేసారి దిగడం నేను వేరే ఎక్కడా చూడలేదు. పాండవులు శమీవృక్షం మీద ఆయుధాలు దాచి ఏడాది బతికారని విన్న జాతి మనది. విజయదశమికి పిస్తోలు పెట్టెకు పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, జమ్మి ఆకు ఉంచుతాను. ఆ రోజు డ్రై ఫైర్ కూడా చేయను. మిగతా రోజుల్లో రాత్రి వంటిల్లు సర్దేశాక, ఖాళీ గోడకు ఎదురుగా, పెల్లెట్ లేకుండా, ఉత్త 'క్లిక్'. గోడ మీద చుక్క కూడా పెట్టను. ఫ్రంట్ సైటు కదలకుండా క్లిక్‌మంటే చాలు, ఆ రాత్రికి నిద్ర పడుతుంది.

పతకాల కథలు అందరికీ తెలిసినవే. 2012 లండన్‌లో విజయ్ కుమార్ ర్యాపిడ్ ఫైర్ రజతం. టోక్యోలో పిస్తోలు మొరాయించి ఏడ్చిన మనూ భాకర్ 2024 పారిస్‌లో రెండు కాంస్యాలతో నవ్వింది. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో, 13 ఏళ్ళకే, సీనియర్ జాతీయ ఛాంపియన్ అయి, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలతో వచ్చింది. ఆ రోజుల్లో మా రేంజిలో కొత్త పిల్లల పేర్లు రాసుకోవడానికి రిజిస్టరు చాలలేదు.

నేను పాడాల్సింది మాత్రం ఫలితాల పట్టికలో కింది సగం గురించి. గోడకు అంటించిన ఆ కాగితంలో పైన 570లూ 580లూ ఉంటాయి. వాటి ముందు ఫొటోలు దిగేవాళ్ళుంటారు. కిందికి రండి. 541. 528. 519. జాతీయ స్థాయికి పంపే కనీస స్కోరుకు రెండు పాయింట్ల దూరంలో ఆగి, వచ్చే ఏడు మావలంకర్‌లో చూద్దాంలే అనుకునేవాళ్ళు. ఆ పోటీ పేరులోని జి.వి. మావలంకర్ లోక్‌సభ తొలి స్పీకర్, జాతీయ రైఫిల్ సంఘానికీ తొలి అధ్యక్షుడు. చట్టసభ అల్లరిని చూశాక రేంజ్ నిశ్శబ్దం ఆయనకు ఎంత హాయిగా ఉండేదో! కింది సగంలో ఎవరికీ స్పాన్సర్లు లేరు. పెల్లెట్ డబ్బాల ఖర్చు ఇంటి లెక్కల్లో 'ఇతరములు' కింద రాస్తారు. చివరి సిరీస్‌లో 94 వస్తే పక్కవాళ్ళకు చెబుతారు, 83 వస్తే లైట్ల మీద నెపం పెడతారు. నిరుటి కన్నా మూడు పాయింట్లు పెరిగితే కారాపి మిర్చిబజ్జీలు కొంటారు. ఓ ఐదువందల పద్దెనిమిదీ, ఓ ఐదువందల ముప్పై ఒకటీ, మిమ్మల్ని ఎవరూ పాడరు గనక నేను పాడుతున్నాను.

మొన్నటి రాష్ట్ర పోటీలో నా అరవయ్యో షాట్ పది. ఇన్నర్ టెన్ కాదు, గీతను అంచుతో తాకిన పది. గీతను తాకినా పదే, ఈ ఆటలో ఆ మాత్రం దయ ఉంది. మొత్తం ఎంతో కూడేలోగానే 'స్టాప్, అన్‌లోడ్' అన్నారు. తాడు దూర్చి, పిస్తోలు బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తీస్తుంటే వెనక నుంచి ఎవరో భుజం మీద వేలితో పొడిచారు. రెండు జడలు, మెడలో రెండో విడత నంబరు, తన నడుమంత పెట్టె.

"ఆంటీ, అయిపోయిందా? ఇది నా లేన్. నాకు స్టాండ్ కొంచెం కిందికి దించుకోవాలి."